నొప్పి ఒకచోట, కారణం మరొకచోట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అధికభాగం మెదడుకూ నాడులకూ సంబంధించినవే. పైకి ఒకదానితో ఒకటి పొంతన లేనివిగా కనిపించినా, వాటిలో చాలావాటి అడుగున ఉన్న సందేహం ఒక్కటే: బాధ తెలిసే చోటు వేరుగా, ఆ బాధకు కారణమైన చోటు వేరుగా ఎందుకు ఉంటాయి? అటువంటి ఉత్తరాలనే ఏరి ఈసారి జవాబులిస్తున్నాను. నిడివి కారణంగా కొన్నింటిని కుదించవలసి వచ్చింది.

ప్రశ్న: మోచేతి లోపలి వైపు గోడకో బల్లకో తగిలినప్పుడు చిటికెన వేలి దాకా కరెంటు షాకు కొట్టినట్లు జివ్వుమంటుంది. దెబ్బ తగిలింది మోచేతికి కదా, మరి వేలికి ఏమైందని? అక్కడ ఉన్నది ఎముకా, నరమా?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: అక్కడ ఎముక బొడిపె ఉంది, దాని వెనుకనున్న గాడిలో నుంచి వెళ్లే నాడి కూడా ఉంది. జివ్వుమనిపించేది నాడి. దాని పేరు అల్నార్ నాడి. మెడ అడుగుభాగంలో వెన్నుపాము నుంచి బయలుదేరిన పోగులతో ఏర్పడి, చంక మీదుగా దండచేతి లోపలి వైపున దిగి, మోచేతి దగ్గర మాత్రం కండరం గానీ కొవ్వు గానీ పెద్దగా అడ్డు లేకుండా చర్మానికీ ఎముకకూ మధ్య ఇరుక్కొని, అక్కడి నుంచి ముంజేతి గుండా చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో చిటికెన వేలి వైపున్న సగానికీ చేరుతుంది. ఇంత పెద్ద నాడి ఇంత రక్షణ లేకుండా ఉండే చోట్లు శరీరంలో తక్కువ.

ఇక వేలి సంగతి. నాడీకణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి భాగం బయటి ద్రవంతో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టుల రుణ విభవంలో, అంటే అంత తక్కువ విద్యుత్ మట్టంలో ఉంటుంది. ప్రేరణ కలగగానే కణపు పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకొని సోడియం అయాన్లు లోపలికి దూసుకువస్తాయి. ఒక మిల్లీసెకండు పాటు విభవం తలకిందులై మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఆ మార్పు పోగు వెంట ముందుకు సాగిపోతుంది. స్క్విడ్ అనే సముద్రజీవిలోని అతి లావైన నాడీ పోగు మీద పరిశోధించి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1952లో దీనిని లెక్కలతో సహా వివరించారు. 1963లో ఎకిల్స్‌తో కలిపి వారికి నోబెల్ బహుమతి లభించింది. మీ ప్రశ్నకు ఇందులో పనికివచ్చే సంగతి ఏమిటంటే, వేడికైనా స్పర్శకైనా దెబ్బకైనా ఈ సంకేతం స్వరూపం ఒక్కటే. అది పోగు చివర పుట్టిందా, నడిమధ్యలో పుట్టిందా అన్నది దానిలో ఎక్కడా నమోదై ఉండదు. ఏ పోగు వెంట వచ్చిందన్న దానిని బట్టే మెదడు దానికి చోటు కేటాయిస్తుంది. కాలింగ్ బెల్ తీగలు గోడ మధ్యలో ఎక్కడో ఒకదానికొకటి తగిలి గంట మోగినా, ఇంట్లోవారు వీధి గుమ్మం వైపే కదా చూస్తారు. చిటికెన వేలి నుంచి వచ్చే పోగుల మీద మోచేతి దగ్గర దెబ్బ పడితే మెదడు వేలి వైపు చూడడం కూడా అటువంటిదే.

తీగ రెండవ చివర, అంటే మెదడులో తాకినా ఫలితం ఇదే. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930లలో మూర్ఛ రోగులకు మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తూ, మెదడు ఉపరితలాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకి వారికేమి తెలుస్తున్నదో అడిగేవాడు. రోగులు చెప్పినది తలలో జరిగిన దాని గురించి కాదు. వేళ్లలో, పెదవిలో, నాలుక మీద కలిగిన జలదరింపు గురించి. ఆ సమాధానాలను కూర్చగా మెదడు మీద దేహమంతటి పటం తయారైంది. అందులో వీపంతటికీ దక్కిన జాగా కొద్దిపాటిది; చేతివేళ్లకూ పెదవులకూ దక్కినది చాలా ఎక్కువ.

ప్రశ్న: వేడి గిన్నె తగిలితే చేయి ముందు వెనక్కి వస్తుంది, మంట తరువాత తెలుస్తుంది. పైగా మొదట చురుక్కుమని, ఒక్క క్షణం ఆగి అసలు మంట మొదలవుతుంది. ఇది నా భ్రమా?
— ఒక గృహిణి

జవాబు: భ్రమ కాదు, మీరు చాలా సరిగా గమనించారు. చేతిని వెనక్కి లాగే నిర్ణయం మెదడుది కాదు. చర్మం నుంచి వచ్చిన సంకేతం వెన్నుపాములోకి ప్రవేశించగానే అక్కడే కండరాలను నడిపే చాలక కణాలకు అందుతుంది. మోచేతిని ముడిచే కండరాలు బిగుసుకుంటాయి, చాపే కండరాలు వదులవుతాయి. పాఠ్యపుస్తకాలలో ప్రతీకార చర్య అని చెప్పేది దీనినే. మెదడుకు కబురు అందేసరికి చేయి అప్పటికే కదిలి ఉంటుంది.

చురుకూ మంటా విడివిడిగా రావడానికి కారణం వేర్వేరు వేగాలు గల పోగులు. మైలిన్ అనే కొవ్వు తొడుగు పలుచగా ఉన్న పోగులలో నొప్పి సంకేతం సెకండుకు 5 నుంచి 30 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ చురుకు ఎక్కడ తగిలిందో కచ్చితంగా చెప్పగలుగుతాము. తొడుగు లేని మరీ సన్నని పోగులలో వేగం సెకండుకు అర మీటరు నుంచి 2 మీటర్లు మాత్రమే. ఆ వెంబడి వచ్చేది చాలాసేపు నిలిచే, హద్దులు సరిగా తెలియని మంట. కండరాలను నడిపే లావుపాటి పోగులలోనైతే వేగం 120 మీటర్ల దాకా ఉంటుంది. నాడీ సంకేతపు వేగం మనిషి ఎన్నటికీ కొలవలేనంతటిదని ఒకప్పుడు పెద్ద శాస్త్రజ్ఞులే అనుకున్నారు. అటువంటి అభిప్రాయం గల యోహానెస్ ముల్లర్ శిష్యుడే అయిన హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడిలో దానిని కొలిచి, సెకండుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు.

దెబ్బ తగిలిన చోటును వెంటనే రుద్దుకోవడం కూడా అర్థం లేని అలవాటు కాదు. స్పర్శను మోసే లావుపాటి పోగులు చురుకైనప్పుడు వెన్నుపాములో నొప్పి సంకేతం పైకి పోకుండా కొంత అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు. వివరాలలో సవరణలు జరిగినా, ఆ ఊహ మూలం ఇప్పటికీ నిలిచే ఉంది. కాలినచోట మాత్రం రుద్దకండి. ధారగా పడే మామూలు నీటి కింద 20 నిమిషాలు ఉంచండి.

ప్రశ్న: నాకు నొప్పి పిరుదు నుంచి కాలి బొటనవేలి దాకా ఉంటే, డాక్టరు గారు కాలిని వదిలేసి నడుముకు స్కానింగు రాశారు. నడుములో నాకు పెద్దగా నొప్పే లేదు. ఇది అనవసరపు ఖర్చు కాదా?
— ఒక ఉద్యోగి

జవాబు: కాలిలో నొప్పి ఉన్నంతమాత్రాన కాలిలోనే దోషం ఉండాలని లేదన్నది మొదటి జవాబును బట్టి మీరు ఊహించే ఉంటారు. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండవ పూసల మధ్యనే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నాడుల మూలాలు గుత్తిగా సాగి, ఒక్కొక్క జత ఒక్కొక్క పూస దగ్గర బయటికి వస్తాయి. వెన్ను నాడులు మొత్తం 31 జతలు. నడుము చివరి రెండు పూసల మధ్యనున్న డిస్క్ వెనుకకు ఉబికినప్పుడు సాధారణంగా ఒత్తిడికి గురయ్యేది ఐదవ నడుము నాడి. దాని పరిధి పిక్క వెలుపలి భాగం, పాదం పైభాగం, బొటనవేలు. దానికి దిగువనున్న మొదటి త్రిక నాడి అయితే నొప్పి పిక్క వెనుకగా చిటికెన వేలి వైపు పోతుంది. కాబట్టి మీరు చెప్పిన బొటనవేలే వైద్యునికి నడుములోని చోటును చూపించింది. స్కానింగు మొదటి రోజే అవసరమా అన్నది వేరే మాట. ఇటువంటి నొప్పులు చాలామందిలో కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. అయితే మూత్రం ఆగిపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, కూర్చున్నప్పుడు ఆనే భాగం మొద్దుబారడం, పాదం వేలాడిపోవడం వంటివి కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు.

గుండెపోటులో ఎడమచేయి లాగడాన్ని ఇదే కోవలో చేర్చి మరికొందరు అడిగారు. అక్కడ జరిగేది కొంచెం వేరు. నాడి మీద ఒత్తిడేమీ లేదు. గుండె నుంచి వచ్చే నొప్పి పోగులూ, ఛాతీ నుంచీ చేతి లోపలి వైపు నుంచీ వచ్చే పోగులూ వెన్నుపాములో ఒకే మజిలీలకు చేరి, అక్కడి నుంచి ఒకే కణాల ద్వారా పైకి పోతాయి. చేతి నుంచి కబుర్లు రావడం మెదడుకు నిత్యానుభవం, గుండె నుంచి రావడం అరుదు. కనుక అది వాడుకగా వచ్చే చోటునే అనుమానిస్తుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డుగా ఉండే ఉదర వితానం కింద చీము గానీ రక్తం గానీ చేరినప్పుడు భుజం నొప్పి రావడానికి కారణమూ ఇదే.

ప్రశ్న: మా నాన్నగారికి మెదడు ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మేము చెప్పేది ఆయనకు అర్థమవుతున్నట్లే ఉంది గానీ, ఒకటి రెండు మాటలకు మించి బయటికి రావడం లేదు. ఎడమవైపు దెబ్బతింటే కుడివైపు ఎందుకు పడిపోవాలి? మాట తిరిగి వస్తుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: కదలికలను ఆదేశించే నాడీ పోగులు మెదడు పైపొర నుంచి దిగివచ్చి, మెదడుకూ వెన్నుపాముకూ మధ్యనున్న మజ్జాముఖం అడుగున ఒకదానినొకటి దాటి ఎదుటి వైపుకు మళ్లుతాయి. ఆ పోగులలో దాటేవి సుమారు 85 నుంచి 90 శాతం. అందువల్లనే ఎడమ మెదడులో జరిగిన నష్టం కుడివైపు బయటపడుతుంది. ఇవి ఇలా దాటడం వల్ల ప్రాణికి కలిగిన మేలేమిటన్న దానికి అందరూ ఒప్పుకున్న వివరణ ఇంకా లేదు.

మాట విషయంలో ఎడమ మెదడుకు ప్రత్యేక స్థానం ఉంది. కుడిచేతి వాటం గల వారిలో నూటికి 95 మందికి భాషకు ఆధారం ఆ వైపే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ఏమడిగినా ‘టాన్’ అన్న ఒక్క శబ్దమే పలకగలిగిన రోగి మరణించాక అతని మెదడును పరీక్షించి, ఎడమ ముందుభాగంలో గాయాన్ని చూశాడు. ఆ రోగికి ఎదుటివారి మాటలు చాలావరకు అర్థమయ్యేవి. మీ నాన్నగారి పరిస్థితి మీరు రాసినదానిని బట్టి ఈ తరహాలోనిదే అనిపిస్తున్నది. దీనికి తలకిందులైన స్థితిని కార్ల్ వెర్నికీ 1874లో వర్ణించాడు: అక్కడ మాటలు ధారాళంగా వస్తాయి, వాటిలో అర్థం ఉండదు, ఎదుటివారు చెప్పేదీ తలకెక్కదు.

చనిపోయిన నాడీకణాలు తిరిగి మొలవవు. అయినా మనుషులు కోలుకుంటారు. గాయం చుట్టూ వచ్చిన వాపు తీసిపోతుంది. చావకుండా మూగబోయిన కణాలు పని మొదలుపెడతాయి. పొరుగు భాగాలు అభ్యాసం వల్ల కొంత భారం ఎత్తుకుంటాయి. మొదటి మూడు నెలలలో మార్పు వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. మాట మరీ ఆలస్యంగా కూడా మెరుగుపడవచ్చు. మాట చికిత్సకులను వెంటనే సంప్రదించండి. ఇంట్లో చేయవలసినది: చిన్న వాక్యాలతో మాట్లాడండి, జవాబుకు వ్యవధి ఇవ్వండి, మధ్యలో మాట అందించకండి. ఆయనకు వినికిడి పోలేదు గనుక గట్టిగా అరవనక్కరలేదు. మాట రానివారిలో కొందరు తెలిసిన పాటను పదాలతో సహా పాడగలుగుతారు. అది కూడా ప్రయత్నించండి.

ఈ ఉత్తరం చదివే మిగతావారికి ఒక మాట. మూతి వంకర పోవడం, ఒక చేయి ఎత్తితే నిలవక జారిపోవడం, మాట తడబడడం — వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా, అది మొదలైన సమయం గుర్తుపెట్టుకొని స్కానింగు సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి, అదీ రక్తస్రావం లేదని స్కానింగులో తేలాకనే. నొప్పి లేదు గదా, తెల్లవారాక చూద్దామని ఆగడం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

ప్రశ్న: మనిషి తన మెదడులో పదిశాతమే వాడుకుంటాడన్నది నిజమా?
— ఒక హైస్కూలు విద్యార్థిని

జవాబు: కాదు. శరీరపు బరువులో 2 శాతం మాత్రమే ఉండే మెదడు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతాన్ని తీసుకుంటుంది. పనిచేయని దానిని ఇంత ఖర్చుతో పోషించడం ఏ ప్రాణికీ గిట్టుబాటు కాదు. దాదాపు 8,600 కోట్ల నాడీకణాలలో సుమారు 6,900 కోట్లు తల వెనుకనున్న చిన్నమెదడులోనే ఉన్నాయన్నది ఇంతకంటే వింతైన నిజం.

ప్రశ్న: మెదడును కోసినా నొప్పి తెలియదని చదివాను. మరి తలనొప్పి ఎక్కడ నుంచి వస్తున్నది?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మెదడు కణజాలంలో నొప్పి గ్రాహకాలు లేవు, పెన్‌ఫీల్డ్ రోగులు మెలకువగా మాట్లాడుతూ ఉండగలిగింది అందుకే. చర్మానికీ పుర్రెకూ మత్తు సూది వేస్తే చాలుతుంది. అయితే మెదడును కప్పి ఉంచే దళసరి పొరకూ, దానిలోని పెద్ద రక్తనాళాలకూ, తల, మెడ కండరాలకూ నొప్పి బాగా తెలుస్తుంది. 12 జతల కపాల నాడులలో ఐదవదైన త్రిధారా నాడి ఆ పొరలో ఎక్కువ భాగానికి శాఖలనిస్తుంది. ముఖానికీ నుదుటికీ స్పర్శ నిచ్చేదీ అదే. పైగా మెడ పైభాగపు నాడుల పోగులు కూడా దాని కేంద్రం దగ్గరే కలుస్తాయి. మెడ పట్టేసినవారు కంటి వెనుక నొప్పి అని చెప్పడంలో అసహజమేమీ లేదు.

ప్రశ్న: ప్రమాదంలో మా బాబాయికి చేయి తీసేశారు. లేని చేతిలో వేళ్లు ముడుచుకుపోయి నొప్పి పెడుతున్నాయంటాడు. మనసు చెదిరిందేమోనని ఇంట్లో అందరికీ భయంగా ఉంది.
— ఒక పాఠకుడు

జవాబు: ఆయన మనసుకు ఏమీ కాలేదు, ఇంట్లోవారు నమ్మకపోవడమే ఆయనకు రెండవ బాధ అయి ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో అంగాలు కోల్పోయిన సైనికులకు చికిత్స చేసిన వైర్ మిచెల్ 1871లోనే దీనిని వర్ణించాడు. చేయి పోయినా మెదడు పటంలో దాని జాగా పోదు. తెగిన నాడుల చివర కట్టిన కాయల నుంచి సంకేతాలు వస్తూనే ఉంటాయి, అవి చేతి చిరునామాకే చేరుతాయి. అద్దం ముందు మిగిలిన చేతిని ఉంచి, దాని ప్రతిబింబం పోయిన చేతి చోట కనిపించేటట్లు చేసి వేళ్లు విప్పించే పద్ధతిని 1990లలో వి. ఎస్. రామచంద్రన్ ప్రవేశపెట్టారు. అందరికీ గుణమివ్వదు గానీ ఖర్చు లేనిది, హాని లేనిది. నాడీ సంబంధమైన నొప్పికి మందులు కూడా ఉన్నాయి. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు.

ప్రశ్న: అరికాళ్లు మంటలు, వేళ్లు మొద్దుబారడం. నరాల బలహీనత అని ఏడాదిగా బలం మాత్రలు వాడుతున్నాను. తగ్గడం లేదు.
— ఒక పదవీ విరమణ చేసిన ఉద్యోగి

జవాబు: పాదాన్ని చేరే నాడీ పోగు పొడవు సుమారు ఒక మీటరు, దానిని పోషించే కణం మాత్రం వెన్నెముక పక్కన ఉంటుంది. కావలసిన పదార్థాలన్నీ అక్కడ తయారై అంతదూరం రవాణా కావాలి. శరీరమంతటినీ పట్టిన లోపం ఏదైనా ముందుగా దెబ్బతీసేది ఇంత పొడవైన పోగుల చివరలనే కనుక, రెండు పాదాలలో మొదలై మేజోళ్లు తొడిగే మేర పైకి పాకడం దీని లక్షణం. కారణాలలో మధుమేహం మొదటిది. బి12 విటమిన్ లోపం, మద్యం, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బులు తరువాతివి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు. బలం మాత్రల విషయంలో నా అభిప్రాయం ఘాటుగానే చెబుతాను: కారణం తెలియకుండా ఏడాది మింగడం వైద్యం కాదు. వాటిలో ఉండే బి6 మోతాదు మించి చాలాకాలం వాడితే అదే నాడులను చెడగొడుతుంది. రక్తంలో చక్కెర, బి12, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. రోజూ అరికాళ్లను పుండ్ల కోసం చూసుకోండి.

ప్రశ్న: మూడు నెలల క్రితం అద్దం గుచ్చుకొని మణికట్టు దగ్గర నాడి తెగితే ఆపరేషన్ చేసి కుట్టారు. వేలి చివరలకు ఇప్పటికీ స్పర్శ లేదు. ఆపరేషన్ విఫలమైందా?
— ఒక వడ్రంగి

జవాబు: అప్పుడే అలా అనుకోకండి. కుట్టడం వల్ల కలిసేది పై తొడుగు మాత్రమే. తెగిన చోటికి అవతల ఉన్న పోగులు నశించిపోతాయి, ఇవతలి చివరల నుంచి కొత్తవి మొలిచి ఆ ఖాళీ గొట్టాల వెంట పెరగాలి. మొదటి కొన్ని వారాలు కదలికే ఉండదు, ఆ తరువాత వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి చివరకు 18 సెంటీమీటర్లనుకుంటే, ఆరు నెలలకు పైగానే పడుతుంది. పెరుగుదల ఎంతవరకు వచ్చిందో తెలుసుకొనేందుకు వైద్యులు అరచేతి మీదుగా వేలితో తట్టుకుంటూ పోతారు. కొత్త మొలకలు చేరిన చోట తట్టగానే మీకు జివ్వుమంటుంది, అయితే తట్టిన చోట కాదు, వేళ్లలో. నెలనెలా ఆ చోటు ముందుకు జరుగుతూ ఉంటే నాడి పెరుగుతున్నట్లే. మూడు నెలలకూ అది కుట్టు దగ్గరే నిలిచి ఉంటే మాత్రం మీ శస్త్రవైద్యుడు మళ్లీ చూడాలి.

స్పర్శ వచ్చాక ఇంకొక ఇబ్బంది ఎదురుకావచ్చు. మొలిచిన పోగులన్నీ తమ పాత గొట్టంలోకే పోవు. చూపుడు వేలికి పోవలసినది మధ్యవేలికి చేరితే, మధ్యవేలిని తాకినా మెదడు చూపుడు వేలనే అనుకుంటుంది. దీనికి అభ్యాసం ఉంది. ఒక వేలిని కళ్లు తెరిచి చూస్తూ తాకడం, తరువాత కళ్లు మూసుకొని అదే చోట తాకి పోల్చుకోవడం, క్రమంగా గరుకు కాగితం, నాణెం, గుడ్డ వంటివి చూడకుండా గుర్తుపట్టడం రోజుకు నాలుగైదుసార్లు కొద్దిసేపు చేయాలి. అంతవరకు ఉలి, రంపం పట్టేటప్పుడు ఆ వేళ్లు ఎక్కడున్నాయో కంటితో చూసుకోండి. వేడి వస్తువును ముందుగా రెండవ చేతితో తాకి చూడండి.